పొగను పట్టిన పంతులు – ఫ్రెడరిక్ గార్డ్‌నర్ కాట్రెల్

జూజువాడి దాటి అత్తిబెలె వైపు పోవు రహదారిపై ఉదయకాలమున నిలిచి వెనుకకు చూచినచో, హోసూరు పారిశ్రామిక వాడయందలి పొగగొట్టములు కానవచ్చును. కొన్నింటినుండి ఏమియు వెడలుచున్నట్లే తోచదు. కొన్నింటినుండి బూడిదరంగు తెరవంటిది లేచి గాలివాటున సాగిపోవుచుండును. రెండును కొలిమి కలిగిన కర్మాగారములే కదా, ఈ భేదమేల యని మన విద్యార్థులు నన్ను పలుమారులు అడిగిరి. నేను తెలుగు పంతులను. ఇరుగు రాష్ట్రమున నేను పొందిన శిక్షణలో ఛందస్సును, వ్యాకరణమును, బోధనాపద్ధతులును నేర్పిరే కాని పొగగొట్టములను గూర్చి ఒక్క మాటయు చెప్పలేదు. అందుచేత చిరకాలము ఆ ప్రశ్నను విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయులవైపు త్రోసివేయుచు వచ్చితిని.

గడచిన ఏట మన బడి పిల్లవాని తండ్రి యొకరు నాయొద్దకు వచ్చినప్పుడు మాత్రము అట్లు త్రోసివేయ వీలు కాలేదు. ఆయనకు చిన్న పోతకొలిమి కలదు. పొగవలన ఇరుగుపొరుగువారు మొరపెట్టుకొనగా, అప్పుచేసి, పాత యంత్రముల వర్తకునియొద్ద ధూళిని పట్టు గుడ్డసంచుల యంత్రమొకటి కొని లారీలో తెచ్చుకొనెను. క్రొత్తదాని వెలలో మూడవవంతునకే వచ్చెనని సంతోషించెను. బిగించిన వారము తిరుగకమునుపే లోని సంచులన్నియు చిల్లులు పడి మాడిపోయినవి. విచారింపగా అది ధాన్యపు పొట్టుధూళిని పట్టుటకై చేయబడినదని తెలిసెను. చల్లని ధూళికి పుట్టిన యంత్రము నిప్పురవ్వలతో కూడిన వేడి పొగను ఎట్లు ఓర్చుకొనును? యంత్రము మంచిదే, వర్తకుడును అబద్ధమాడలేదు. ఇది ఏ ధూళికొఱకు చేసినదని ఆయన అడుగలేదు, వర్తకుడు చెప్పలేదు. ఆ యంత్రపు పత్రములను తెలుగున చదివి చెప్పుమని ఆయన నన్ను కోరెను. ఆ పనిమీద పుస్తకములు తిరుగవేయుచుండగా నాకు తారసపడిన మహనీయుడే ఫ్రెడరిక్ గార్డ్‌నర్ కాట్రెల్.

కాట్రెల్ 1877వ సంవత్సరము జనవరి 10వ తేదీన అమెరికా దేశమునందలి కాలిఫోర్నియా రాష్ట్రమున, ఓక్లండ్ పట్టణమున జన్మించెను. చిన్ననాటనే చేతిపనులయందు ఆయనకు ఆసక్తి మెండు. ఛాయాచిత్రములు తీయుట, విద్యుత్తీగలు బిగించుట, చిన్న అచ్చుయంత్రముపై బాలురకొఱకు పత్రిక ముద్రించుట మున్నగునవి ఆయన బాల్యక్రీడలు. పదునారవ ఏట బెర్క్‌లీ యందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరి, 1896లో రసాయనశాస్త్రమున పట్టము పొందెను.

ఆ తరువాత ఆయన చేసినపని మన పాఠకులకు ప్రీతి కలిగింపగలదు. 1897 మొదలు 1900 వఱకు ఓక్లండ్ ఉన్నతపాఠశాలలో రసాయనశాస్త్రోపాధ్యాయుడుగా పనిచేసెను. ఆ జీతములో మిగిల్చిన ధనముతో జర్మనీ దేశమునకు పోయి, బెర్లినులో వాంట్ హాఫ్ గారియొద్దను, లైప్‌జిగ్‌లో ఓస్ట్‌వాల్డ్ గారియొద్దను చదివి, 1902లో డాక్టరు పట్టముతో తిరిగి వచ్చెను. ఆ గురువు లిరువురును నోబెల్ బహుమానము పొందినవారే. బడిపంతులు జీతముతో సముద్రములు దాటి చదువుకొని వచ్చుట ఏ దేశమందైనను సులభమైన పని కాదు.

తిరిగి వచ్చి బెర్క్‌లీలో అధ్యాపకుడై యుండగా, ఆదాయము చాలక, కర్మాగారములకు సలహా చెప్పు పనిని కూడ అంగీకరించెను. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతపుటొడ్డున పినోల్ వద్ద డ్యూపాంట్ కంపెనీవారు ప్రేలుడు పదార్థముల తయారీకై గంధకామ్లమును సిద్ధము చేయుచుండిరి. అచ్చట ఆమ్లము సన్నని మంచువలె గాలిలో తేలుచు ఎంతకును చేజిక్కక యుండెను. కాట్రెల్ మొదట ఆ మంచును గిరగిర త్రిప్పి, వెన్నను పాలనుండి వేఱుచేసినట్లు వేఱుచేయ యత్నించెను. అది చాలినంత ఫలము నీయలేదు. అంతట ఆయన విద్యుత్తువైపు దృష్టి త్రిప్పెను. అది 1906వ సంవత్సరపు మాట.

విద్యుత్తుచే పొగను అణచవచ్చునను భావము క్రొత్తది కాదు. 1824లోనే లైప్‌జిగ్ నగరమున హోల్‌ఫెల్డ్ అను గణితోపాధ్యాయుడు, పొగ నింపిన సీసాలో విద్యుత్తు ప్రసరింపజేసి పొగ విడిపోవుటను చూపెను. పిమ్మట ఇంగ్లండులో సర్ ఆలివర్ లాడ్జ్ ఆ విషయమును పరిశోధించెను. 1885లో వేల్సునందలి బాగిల్ట్ అను చోట సీసము కరగించు కర్మాగారమున అట్టి యంత్రమును నిలిపిరి కూడ. అది విఫలమాయెను. ఆనాటి విద్యుద్యంత్రములకు కర్మాగారపు పొగను లొంగదీయు శక్తి లేకుండెను. అంతేగాక సీసపుపొగ విద్యుత్తునకు సులభముగ లొంగునది కాదు. ఇరువదేండ్లపాటు ఆ జోలికి పోవుటకు ఎవ్వరును సాహసింపలేదు.

కాట్రెల్ నాటికి పెద్ద ట్రాన్స్‌ఫార్మరులు వచ్చినవి. వానినుండి పుట్టు అధికపీడన విద్యుత్తును, తిరుగు మీటల సాయముతో ఒకే దిశకు మరల్చి, పొగలోనికి పంపెను. అయినను చిక్కు తీరలేదు. నున్నని తీగనుండి విద్యుత్తు అక్కడక్కడ చుక్కలవలె వెడలునే కాని తీగ పొడవునను సమముగ వ్యాపింపదు. ఒకనాటి సాయంకాలము, ప్రయోగశాలలో చీకటి క్రమ్ముకొనుచున్న వేళ, నూలుదారము చుట్టిన తీగయొకటి ఆయన కంటబడెను. నున్నని తీగపై రెండు మూడు చుక్కలే వెలుగుచుండగా, ఈ నూలుతీగ పొడవునను ఊదారంగు కాంతి మెత్తగా పరచుకొనియుండెను. నూలుదారపు నూగు ఒక్కొక్కటియు ఒక్కొక్క సూదిమొనవలె పనిచేసి విద్యుత్తును వెదజల్లుచున్నదని ఆయన గ్రహించెను. ప్రత్తిచేలు ఎఱిగిన మన తెలుగువారికి ఆ ప్రత్తినూగు ఎంత సన్ననిదో చెప్పనక్కరలేదు. ఆ నూగే పొగను అణచు విద్యకు త్రోవ చూపెను. ఈ పరిశోధనకు 1908 ఆగస్టు 11వ తేదీన పేటెంటు లభించెను.

యంత్రపు పద్ధతిని సంగ్రహముగ చెప్పెదను. వెడల్పైన లోహపు పలకలు వరుసగా నిలబెట్టి, వాని నడుమ తీగలు వ్రేలాడదీయుదురు. తీగలకు పదుల వేల వోల్టుల విద్యుత్తు నిచ్చి, పలకలను భూమికి కలుపుదురు. నడుమనుండి పోవు పొగయందలి ధూళికణములు తీగవలన విద్యుదావేశము పొంది, పలకలవైపు లాగబడి, వానికి అంటుకొనును. అప్పుడప్పుడు సుత్తులు పలకలను తట్టగా ధూళి పెల్లలుగా క్రింది తొట్టిలో పడును. నేడు కర్మాగారములలో దీనిని ఈ.ఎస్.పి. యని పిలుతురు. మన రాష్ట్రమున రాణిపేటయందలి బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారమున ఇట్టివి తయారగుచున్నవి.

కాట్రెల్ యంత్రమునకు మొదటి పరీక్ష సెల్బీ లోహపు కర్మాగారమున జరిగెను. అఖాతపు గాలి ఆ పొగను ఆవలియొడ్డు రైతుల పొలములమీదికి తోలుచుండగా, వారు న్యాయస్థానమున వ్యాజ్యము వేసియుండిరి. వెండిబంగారములను వేఱుచేయు ఆమ్లపు కాగులనుండి లేచు తెల్లని పొగను యంత్రము పట్టివేసెను.

రెండవ పరీక్ష అంత సుఖముగ ముగియలేదు. ఉత్తర కాలిఫోర్నియాలోని షాస్టా మండలమున బలక్లాలా అను రాగి కర్మాగారము ఉండెను. ఆ పొగవలన పంటలు చెడుచున్నవని రైతులు పోరాడుచుండిరి. 1910లో కాట్రెల్ యంత్రము నిలిపిరి. అది ధూళిని టన్నులకొలది పట్టెను. కంటికి పొగ తగ్గెను. కాని పంటలకు చేటు తప్పలేదు. ఏలయన ఆకులను మాడ్చునది ధూళి మాత్రమే కాదు, గంధకపు వాయువు. వాయువునకు రేణువులు లేవు. విద్యుత్తు దానిని పట్టజాలదు. 1911లో ఆ కర్మాగారము మూతపడెను. యంత్రము తాను చేయవలసినపనిని చక్కగా చేసియు ఓడిపోయెను.

ఈ ఘట్టముకడ నేను చాలసేపు ఆగితిని. పాత యంత్రమును కొనగోరువారు మొదట ఎఱుగవలసినది బలక్లాలా కథయే యని నా అభిప్రాయము. మన పొగలో ఉన్నదేమి? ధూళియా, ఆమ్లపుమంచా, వాయువా? ముతకధూళి ఐనచో గాలిని సుడి త్రిప్పు సైక్లోను చాలును. అందు విద్యుత్తు లేదు, గుడ్డ లేదు, చెడుటకు కదలు భాగమును లేదు. అందుచేత పాతది కొన్నను ముప్పు తక్కువ. సన్నని ధూళికి గుడ్డసంచులు గాని ఈ.ఎస్.పి. గాని కావలెను. వాయువునకు నీటితోనో సున్నపు ద్రావణముతోనో కడుగు స్క్రబ్బరు కావలెను. ఇది తేల్చుకొనక వెలను మాత్రమే విచారించుట, పాదము కొలువక చెప్పులు కొనుటయే.

మూడవ పరీక్ష దక్షిణ కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ సిమెంటు కర్మాగారమున జరిగెను. సిమెంటు ధూళి చుట్టునున్న నారింజతోటలపై పడుచుండగా తోటలవారు వ్యాజ్యములాడుచుండిరి. ఇచ్చటి పొగ మహావేడి. నూగుతీగ ఆ వేడికి నిలువదు. కాట్రెల్ శిష్యుడగు వాల్టర్ ష్మిట్ నూగును విడిచి, మిక్కిలి సన్నని లోహపుతీగను వాడి, వోల్టుల పెంచి ఆ చిక్కును విప్పెను. ధూళి చిక్కెను, తోటలు నిలిచెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున జర్మనీనుండి పొటాషు రాక నిలిచిపోగా, పట్టిన ఆ ధూళినుండియే ఎరువునకు పనికివచ్చు పొటాషును తీసిరి.

సెల్బీలో నెగ్గిన పద్ధతి బలక్లాలాలో చాలలేదు, రివర్‌సైడులో మార్చక సాగలేదు. కనిపెట్టిన మహానుభావుడే ప్రతి చోటను పొగను క్రొత్తగా కొలిచి యంత్రమును మార్చుకొనవలసి వచ్చినప్పుడు, ఒకచోట విప్పిన యంత్రమును మరియొకచోట ఉన్నదున్నట్లు బిగింపవచ్చునని మనము తలంచుట ఎట్లు చెల్లును? మన దేశపు బొగ్గునే తీసికొందము. ఇందు బూడిద మిక్కుటము, నూటికి ముప్పదియైదు మొదలు నలువది పాళ్లవఱకు ఉండును. గంధకము స్వల్పము. గంధకము తక్కువైనచో బూడిద తన విద్యుత్తును పలకకు అప్పగింపక పట్టుకొని కూర్చుండును. అట్టి బూడిదను పట్టుటకు మిక్కిలి పెద్ద యంత్రము కావలెను. గంధకము హెచ్చుగానున్న విదేశపు బొగ్గునకు చేసిన యంత్రము ఎంత నాణ్యమైనదైనను మన బొగ్గునకు చాలదు. కొత్తగూడెము, విజయవాడ, రామగుండము థర్మల్ విద్యుత్కేంద్రములలో పనిచేసిన తెలుగువారికి ఈ సంగతి అనుభవముచే తెలియును.

పాత కర్మాగారములు మూతపడుట సహజము. కొత్తగూడెమున పాత యూనిట్లు 2020లో నిలిచిపోయినవి. వాని చలువగోపురములను 2024 ఆగస్టులో కూల్చివేసిరి. ఎచ్చటనైనను ఇట్లు మూతపడినప్పుడు కొన్ని యంత్రములు తుక్కుగా పోవును, కొన్ని చేతులు మారి మరల పనికి వచ్చును. చేతులు మారుట నిందింపదగిన విషయము కాదు. క్రొత్తది కొనలేని చిన్న కర్మాగారము పాతదానితోనైనను పొగను అణచినచో ఊరివారికి మేలే. కాని చూపులకు మోసపోరాదు. ఈ.ఎస్.పి. నిలిచిపోయి చల్లబడినప్పుడు, లోపల మిగిలిన ధూళియందలి గంధకము తేమతో కలిసి ఆమ్లమై రేకును లోపలినుండి తినివేయును. పైకి క్రొత్తరంగు పూయుట ఎంతసేపు? క్రింది తొట్టిమూలలను సుత్తితో తట్టి, రేకు మందమును కొలిపించి చూడవలెను. పలకలు వంగియున్నచో తీగకును పలకకును నడుమనుండు దూరము చెడి, అధికపీడనము నిలువక నిప్పులు రాలును. పింగాణి ఇన్సులేటర్లకు వెండ్రుకవాసి బీట ఉన్నను అంతే. కొన్ని పాత ట్రాన్స్‌ఫార్మరులలో పి.సి.బి. అను విషపు నూనెను పోసియుండిరి. పాత వేడికవచములలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. వీనిని పరీక్షింపక విప్పినచో కూలివారి ప్రాణమునకే ముప్పు. గుడ్డసంచుల యంత్రమైనచో సంచులను క్రొత్తవానిగనే లెక్కించుకొనవలెను. పాలిఎస్టరు సంచి సుమారు 130 డిగ్రీల వేడికి మించి చిరకాలము ఓర్వదు. గాజునారతో నేసినది 260 డిగ్రీలవఱకు ఓర్చును. విప్పుట, మోయుట, పునాది కట్టుట, మరల బిగించుట, వీని ఖర్చులు యంత్రపు వెలను మించుట కలదు. 1981 నాటి వాయుకాలుష్య నివారణ చట్టము ప్రకారము రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతియు కావలెను. ఆ మండలి చూచునది గొట్టమునుండి వెడలు గాలినే కాని యంత్రపు వయస్సును కాదు.

మరల కాట్రెల్ కథకు వత్తము. ఈ యంత్రముచే ఆయన కోటీశ్వరుడు కాదగియుండెను. కాని విజ్ఞానమువలన పుట్టిన ధనము విజ్ఞానమునకే చెందవలెనని ఆయన మతము. తన పేటెంటులను దానము చేయదలచి మొదట తన విశ్వవిద్యాలయము నడిగెను, కాని ఆ ఏర్పాటు కుదరలేదు. తుదకు స్మిత్‌సోనియన్ సంస్థ కార్యదర్శియగు చార్లెస్ వాల్కాట్ తోడ్పాటుతో 1912లో న్యూయార్కు నగరమున రిసెర్చ్ కార్పొరేషన్ అను సంస్థ ఏర్పడెను. పడమటి రాష్ట్రముల హక్కులు మాత్రము మొదట ధనము పెట్టిన భాగస్వాములకు మిగిలెను. ఈ సంస్థ యంత్రములను నిర్మించి అమ్మి, వచ్చిన లాభమును శాస్త్రపరిశోధనలకు పంచిపెట్టుచు వచ్చెను. రాకెట్టు విద్యకు ఆద్యుడగు గాడర్డునకును, సైక్లోట్రాను నిర్మించిన లారెన్సునకును ఈ ధనము తోడ్పడెను. పొగలో కొట్టుకొనిపోవలసిన ధూళి అణువులోతులను చూచు యంత్రమునకు పెట్టుబడి యాయెను.

ఈ సంస్థతో మన నెల్లూరునకును ఒక సంబంధము కలదు. రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్ అను రసాయనశాస్త్రవేత్త 1886లో నెల్లూరున, క్రైస్తవ మిషనరీ దంపతులకు జన్మించెను. బియ్యమును తెల్లగా దంచి తవుడు పారవేసినందున వచ్చు బెరిబెరి వ్యాధికి మందును వెదకుచు, తవుడునుండి బి1 విటమినును వేఱుచేసి, 1936లో దానిని కృత్రిమముగ తయారుచేయు విధమును కనిపెట్టెను. ఆయనయు తన పేటెంటు హక్కులను రిసెర్చ్ కార్పొరేషనునకే అప్పగించెను. ఆ ఆదాయములో పెద్దభాగము ఆహారలోపమువలన కలుగు వ్యాధులపై పోరాటమునకు వినియోగమాయెను. తెలుగునేలపై పుట్టినవాని తవుడును, కాట్రెల్ పట్టిన పొగయు ఒకే పెట్టెలో చేరుట నాకు వింతగ తోచినది.

కాట్రెల్ 1911లో విశ్వవిద్యాలయమును విడిచి గనుల శాఖలో చేరెను. 1920లో కొంతకాలము దానికి అధ్యక్షుడుగా నుండెను. యుద్ధకాలమున హీలియము వాయువును సేకరించు కృషిలోను, తరువాత గాలియందలి నత్రజనిని ఎరువుగా మార్చు పరిశోధనలోను పాలుపంచుకొనెను. 1919లో ఆయనకు పెర్కిన్ పతకము లభించెను. ఒకచోట స్థిరముగ కూర్చుండి ఒకే పనిని తుదముట్టించు స్వభావము ఆయనది కాదని నాకు తోచుచున్నది. ఒక పని దారిలో పడగానే ఇతరులకు అప్పగించి మరియొకదానికి పోవుట ఆయన అలవాటు. 1948 నవంబరు 16వ తేదీన బెర్క్‌లీలో జాతీయ విజ్ఞాన పరిషత్తు సమావేశమున కూర్చుండియుండగా ప్రాణము విడిచెను. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదియొక్క యేండ్లు.

మన పోతకొలిమి యజమాని సంగతి చెప్పుట మిగిలినది. ఆయన ఈ మారు తొందరపడలేదు. తన కొలిమి గంటకు ఎన్ని ఘనమీటర్ల గాలిని విడుచునో, గొట్టమున వేడి ఎంతయో, ధూళి ఎట్టిదో నిపుణులచే కొలిపించి ఒక కాగితముపై వ్రాయించుకొనెను. ఆ కాగితమును నేను తెలుగున తిరుగవ్రాసి యిచ్చితిని. దానిని చేతబట్టుకొని ఆయన ఇప్పటికి రెండు పాత యంత్రములను చూచి, రెండింటిని వలదని వచ్చెను. మూడవది చూచుటకు ఈ ఆదివారము పోవుచున్నాడు. వెంట మన పదవతరగతి చదువు ఆయన కుమారుడును పోవుచున్నాడు. తొట్టిమూలలను తట్టి చూచుటకు సుత్తి వాని చేతికే యిచ్చెనట.